అది తిని బలిసిన చేప కాదు ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం గురించి ఒక పేజీ వేశారు. సంతోషం, తెలుగులో ఇలాంటివి రావడమే తక్కువ. కానీ అందులో పెద్దగా అచ్చేసిన ఫొటో ఒకటుంది, వెండి ఒంటి మీద మూడు నల్ల పట్టీలు, నల్లటి పొడుగు రెక్కల నిండా తెల్ల చుక్కలు, రెండుగా చీలిన తోక ఉన్న చేప. దాని కింద ‘మంచి మేత వేస్తే ఇలా బొద్దుగా తయారవుతుంది’ అని రాశారు. ఆ చేప పేరు బంగ్గాయ్ కార్డినల్. అది బొద్దుగా లేదండీ. ఇంకోసారి చూడండి, పొట్ట మామూలుగానే ఉంది, ఉబ్బింది దవడ కింద. అది మగచేప, దాని నోటి నిండా గుడ్లున్నాయి. ఫొటో తీసే నాటికి అది మేత ముట్టి ఎన్నాళ్లయిందో.

ఫొటో కింద మాట తప్పు పడితే ఉత్తరం రాసేంత పనిలేని మనిషిని కాదు. కానీ అదే వ్యాసంలో ‘సముద్రం నుంచి నేరుగా పట్టి తెచ్చిన చేపలైతే గట్టిగా, ఆరోగ్యంగా ఉంటాయి, దుకాణంలో వాటినే అడిగి తీసుకోండి’ అని సలహా కూడా ఇచ్చారు. వేరే చేపల సంగతి పక్కన పెడితే, ఈ చేప విషయంలో ఇంతకంటే చెడ్డ సలహా ఉండదు. ఎందుకో చెప్పాలంటే ఆ నోట్లో గుడ్ల దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

నేను కాకినాడ వైపు ఒక రొయ్యల హేచరీలో టెక్నీషియన్‌ని. ఇంట్లో ఒక ఉప్పునీటి తొట్టి ఉంది, అందులో ఈ చేపల జంట ఉంది, రెండూ తొట్టిలో పుట్టినవే. వీటిల్లో వెంటపడేది ఆడది. మగదాని పక్కకు చేరి ఒళ్లంతా సన్నగా వణికిస్తుంది, తామిద్దరూ తిరిగే చోటికి ఇంకో చేప వస్తే తరిమి తరిమి కొడుతుంది. గుడ్లన్నీ ఒకే ముద్దగా బయటికొస్తాయి, నారింజ రంగులో, ఒక్కో గుడ్డు మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, చేపేమో తోకతో కలిపినా మూడంగుళాలు. మగది ఆ ముద్దను లటుక్కున నోట్లోకి లాక్కుంటుంది. రెప్పపాటు పని, చూస్తూ కూర్చున్నా ఒక్కోసారి తప్పిపోతుంది. కొన్ని గుడ్లు జారి కింద పడతాయి, అవి పోయినట్టే. నోట్లో మిగిలేవి నలభై నుంచి డెబ్బై దాకా ఉంటాయి.

ఇక అక్కడి నుంచి మేత బంద్. ముక్కు ముందు నుంచే ఆర్టీమియా (మేతగా వేసే సన్నటి ఉప్పునీటి రొయ్య లాంటి జీవి) పోతున్నా చూసి ఊరుకుంటుంది. సుమారు 20 రోజులకు గుడ్లు పగులుతాయి. కార్డినల్ జాతి చేపల్లో మగవి నోట్లో గుడ్లు మోయడం మామూలే, మిగతావి పిల్లలు బయటపడగానే నీళ్లలోకి వదిలేసి చేతులు దులుపుకుంటాయి. ఇది మాత్రం పొదిగిన పిల్లల్ని కూడా ఇంకో పది రోజులు నోట్లోనే ఉంచుకుంటుంది. ఆ రోజుల్లో రాత్రిపూట మెల్లగా టార్చి వేసి చూస్తే, దవడ కింద చర్మం సాగి పల్చబడి ఉంటుంది కాబట్టి, లోపల పిల్లల కళ్లు చిన్న చిన్న చుక్కల్లా మెరుస్తూ కదలడం కనిపిస్తుంది. మధ్యమధ్య నోరు బార్లా తెరిచి, లోపలున్నవాటిని ఒకసారి తిప్పి మళ్లీ మూస్తుంది. నెల మొత్తం ఉపవాసమే. వదిలే రోజుకి మగది చిక్కి సగమవుతుంది, పిల్ల మాత్రం సెంటీమీటరు కూడా లేకపోయినా అచ్చం పెద్ద చేపే, అవే పట్టీలు, అవే చుక్కలు.

ఆ పది రోజులు అదనంగా మోయడంలోనే ఈ చేప కథంతా ఉంది, దాని కష్టాలూ అందులోనే ఉన్నాయి.

పగడపు దిబ్బల మీద బతికే చేపల్లో చాలావాటి పిల్లలు పుట్టీ పుట్టగానే ప్రవాహంలో పడి కొట్టుకుపోతాయి. అందరికీ తెలిసిన క్లౌన్ చేప పిల్లలు కూడా పది రోజుల వరకూ అలా నీళ్లలో తేలి తిరిగి ఆ తర్వాతే ఏదో ఒక దిబ్బ మీద దిగుతాయి. కొన్ని జాతులైతే వారాల తరబడి తిరుగుతాయి. అందులో నూటికి తొంభై తొమ్మిది ఎవడో ఒకడి నోట్లో పడతాయి, అది వేరే సంగతి, కానీ దానివల్ల ఒక లాభముంది. ఒక దిబ్బ మీద చేపలన్నీ పట్టుకుపోయినా, ఎగువనున్న ఇంకో దిబ్బ నుంచి పిల్లలు కొట్టుకొచ్చి కొన్నాళ్లకు నిండుతుంది. బంగ్గాయ్ కార్డినల్‌కి ఆ తేలే దశే లేదు. తండ్రి నోట్లోంచి దిగిన పిల్ల అక్కడికక్కడే, ఆ పక్కనున్న ముళ్ల సందుల్లోనే దూరుతుంది. పెద్దవి కూడా లోతు నీళ్లు దాటి ఊళ్లు తిరిగే రకం కాదు. కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు దిబ్బల మీది గుంపులు కూడా జన్యుపరంగా వేరువేరుగా తేలాయంటే, ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా ఎన్ని తరాలు గడిచిపోయాయో ఆలోచించండి.

మీ వ్యాసంలో దీన్ని ‘ఇండోనేషియా సముద్రాల్లో విరివిగా దొరికే చేప’ అన్నారు. విరివి ఎక్కడిదండీ. ప్రపంచం మొత్తం మీద దీని సొంత ఊరు సులవేసి దీవికి తూర్పున ఉన్న బంగ్గాయ్ దీవుల గుంపు ఒక్కటే. అక్కడ కూడా సముద్రమంతా ఉండదు. అలలు పెద్దగా తగలని వైపు, ఒడ్డు వెంబడి మొలలోతు నుంచి రెండు నిలువుల లోపు నీళ్లలో, సముద్రపు గడ్డి, మడచెట్ల వేళ్లు, కొమ్మల పగడాలు ఉన్న చోట్ల ఉంటుంది. పనికొచ్చే చోటంతా కలిపి లెక్కేస్తే 34 చదరపు కిలోమీటర్లు. మా వైపు ఒక పెద్ద మండలం ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఆ నీళ్లలో వీటికి కోట సీ అర్చిన్ అనే ముళ్ల జీవి. నల్లగా, జానెడు ముళ్లతో ఉంటుంది, నేల మీద గుంపులు గుంపులుగా కూర్చుని ఉంటుంది, ముల్లు గుచ్చుకుంటే లోపలే విరిగిపోయి రోజుల తరబడి సలుపుతుంది. ఈ చేపలు పగలంతా ఆ ముళ్ల పైన పదీ ఇరవై కలిసి నిలబడి, నీళ్లలో కొట్టుకొచ్చే సన్నసన్న ప్రాణుల్ని ఏరుకు తింటుంటాయి. ఏదైనా పెద్ద చేప నీడ పడిందా, ఒక్కటి కూడా మిగలకుండా ముళ్ల మధ్యకు దిగిపోతాయి. అప్పుడు ఒంటి మీద నల్ల పట్టీలు ఏవో, ముళ్ల నీడలు ఏవో కనుక్కోవడం కష్టం. పిల్లలకైతే ఈ ముళ్లూ, సీ అనిమోన్లూ (పువ్వులా కనిపించే మెత్తటి సముద్ర జీవులు) ఇంకా అవసరం, ఎందుకంటే వాటికి బయటి శత్రువులతో పాటు సొంతవాళ్ల భయం కూడా ఉంది. నెలరోజులు పస్తుండి మోసిన జాతే, చాటు దొరక్కపోతే తన పిల్లల్నే మింగేస్తుంది. చాటంటే సీ అర్చిన్లు, అనిమోన్లే కదా, ఇప్పుడు అక్కడివాళ్లు తిండి కోసం వాటినీ ఏరుతున్నారు. అంటే చేప మీద ఎవరూ చెయ్యి వేయకపోయినా చేప తగ్గుతుంది.

మొదట్లో ఈ చేపను ఎవరూ పట్టించుకోలేదు. స్వీడన్ నుంచి వెళ్లిన వాల్టర్ కౌడెర్న్ అనే ఆయన సేకరించి పంపితే, 1933లో కూమన్స్ అనే డచ్ శాస్త్రవేత్త దానికి పేరు పెట్టారు, ఆ తర్వాత అరవై ఏళ్లు మ్యూజియం సీసాలోనే ఉండిపోయింది. 1990ల మధ్యలో జెరాల్డ్ ఆలెన్ అనే చేపల నిపుణుడు బంగ్గాయ్ వెళ్లి చూసి, ఫొటోలతో సహా బయటి లోకానికి చెప్పారు. ఆయన ఉద్దేశం మంచిదే. అక్వేరియం వ్యాపారులకు మాత్రం అది అడ్రసు ఇచ్చినట్టయింది. 2000ల మొదట్లో ఏడాదికి 6 లక్షల నుంచి 7 లక్షల చేపలు పట్టి అమ్మారని అంచనా. 2004 ప్రాంతంలో అలెహాండ్రో వజెల్లి అనే ఆయన దీవులన్నీ తిరిగి లెక్కేస్తే మొత్తం చేపలే సుమారు 24 లక్షలున్నాయి. సీజన్‌కి లక్షల మీద పిల్లల్ని తీసే హేచరీ మనుషులం కాబట్టి మాకు 24 లక్షలంటే ఎంతో తెలుసు. మా దగ్గర అది ఒకట్రెండు తొట్ల లెక్క. ఒక జాతి మొత్తం అంతే.

పట్టడం కూడా కష్టమేమీ కాదు. ఇది వేగంగా ఈదే చేప కాదు, పారిపోయేది కూడా ముళ్ల దగ్గరికే, కాబట్టి పడవ ఆపి, వల అడ్డం పెట్టి మెల్లగా తోలితే గుంపు గుంపంతా వచ్చేస్తుంది. అలా ఊడ్చేసిన చోట మళ్లీ నిండడానికి పైనుంచి కొట్టుకొచ్చే పిల్లలు లేవని ఇందాకే చెప్పాను.

చట్టం సంగతి చెప్పాలంటే నీరసం వస్తుంది. 2007లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో పెట్టింది. అదే ఏడాది హేగ్‌లో జరిగిన సైటిస్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) సదస్సులో దీని వ్యాపారానికి కళ్లెం వేద్దామని అమెరికా ప్రతిపాదించి మళ్లీ వెనక్కి తీసుకుంది. 2016లో జొహానెస్‌బర్గ్ సైటిస్ సదస్సులో యూరోపియన్ యూనియన్ అదే ప్రతిపాదన పెట్టి అదే పని చేసింది. 2018లో ఇండోనేషియా ఏడాదిలో కొన్ని నెలలు పట్టకూడదని నిషేధం పెట్టింది, మన దగ్గర ఏప్రిల్, జూన్ మధ్య సముద్రంలో వేట ఆపినట్టన్నమాట. అది కొంత నయం.

ఇప్పుడు మీ ‘సముద్రం నుంచి నేరుగా’ అన్న మాటకొద్దాం. నేరుగా ఏమీ రాదండీ. దీవిలో పట్టినవాడి బుట్టలో కొన్నాళ్లు, పోగుచేసేవాడి దగ్గర కొన్నాళ్లు, పడవలో ఇంకో ఊరు, అక్కడి నుంచి విమానం, ఇంకో దేశంలో హోల్‌సేల్ తొట్టి, ఆ తర్వాత మన దుకాణం. ప్రతి చోటా కొన్ని చస్తాయి. బతికినవాటిల్లో ఇరిడోవైరస్ అని ఒక జబ్బుంది, ఈ చేపలో కనపడి దాని పేరుతోనే పిలిపించుకుంటోంది, మందు లేదు. చేప నల్లబడి మూల పడుతుంది, మేత తీసుకోదు, తెల్లటి పేడ వేలాడుతుంటుంది, తర్వాత చెప్పేదేముంది. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బుతో చెరువులు పోగొట్టుకున్న రైతులున్న జిల్లాల్లో వైరస్ అంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తొట్టిలో పుట్టిన చేపకు ఈ ప్రయాణమూ ఉండదు, చాలావరకు ఈ జబ్బూ ఉండదు, పైగా చచ్చిన మేత తినడం అలవాటై ఉంటుంది. ఆరోగ్యం సంగతే అయితే సలహా సరిగ్గా తిరగబడింది.

ఇక నేను ఉత్తరం మొదలుపెట్టిన అసలు కారణం. సముద్రంలో ఈ చేపను దెబ్బతీస్తున్న లక్షణమే తొట్టిలో దీన్ని పెంచడం తేలిక చేస్తుంది. క్లౌన్ చేప పిల్లల్ని పెంచాలంటే మొదటి రోజుల్లో కంటికి కనపడని రొటిఫర్లు కావాలి, వాటికి మేతగా పచ్చటి ఆల్గే (సన్నటి నాచు) కల్చర్ కావాలి, ఒక్కరోజు తేడా వస్తే తొట్టి మొత్తం ఖాళీ. అంత కష్టమైనా కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్లు మండపం, విళింజంలలో క్లౌన్ చేపల్ని పెంచి చూపించారు. బంగ్గాయ్ పిల్లకు ఆ తతంగమేమీ అక్కర్లేదు, తండ్రి నోట్లోంచి దిగిన రోజే అప్పుడే పొదిగిన ఆర్టీమియాను తింటుంది. ఆర్టీమియా! విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరం వెంట ఏ హేచరీలోకి వెళ్లి అడిగినా తెల్లవారుజామున లేచి డబ్బాల్లోని ఆర్టీమియా గుడ్లు నీళ్లలో వేసి, గాలి పెట్టి, పొదిగించి వడకట్టే కుర్రాళ్లు ఉంటారు. మాకు నిద్రలో లేపి చెప్పినా వచ్చిన పని అది. ఉప్పు శాతం చూడటం, అమ్మోనియా చూడటం, తొట్లకు గాలి పంపే బ్లోయర్ ఆగితే పరిగెత్తడం, అన్నీ వచ్చు. థాయిలాండ్‌లో వీటిని తొట్లలో పెంచి అమెరికాకు ఎగుమతి చేస్తున్నారు. మన తీరంలో ఎందుకు చేయలేం అన్నదే నా ప్రశ్న.

ఈ దారి మనం ఒకసారి నడిచిందే. ఒకప్పుడు టైగర్ రొయ్య సాగుకు పిల్లల్ని ఉప్పుటేళ్లలో, మడ కాలువల్లో సన్న వలలు వేసి పట్టేవారు. ఒక్కో టైగర్ పిల్లను ఏరుకుని, దాంతో పాటు వలలో పడ్డ చేప పిల్లల్నీ, పీత పిల్లల్నీ గట్టు మీద పారబోసేవారు, ఎండలో అవి ఎండిపోయేవి. 1980ల చివర్లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా విశాఖలో టాస్పార్క్ హేచరీ పెట్టడం, ఆ వెనకే ప్రైవేటు హేచరీలు రావడంతో సీడ్ (రొయ్య పిల్లలు) కోసం కాలువలు జల్లెడ పట్టే పని తగ్గిపోయింది. కాలువల మీద జాలిపడి ఎవరూ మానలేదు, హేచరీ సీడ్ కావలసినంత దొరికింది, లెక్క ప్రకారం దొరికింది, అందుకని మానారు. రంగుల చేపలకూ ఇదే జరగాలి. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు (ఎన్‌ఎఫ్‌డీబీ) ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, 2020లో వచ్చిన కేంద్ర మత్స్య పథకం పీఎంఎంఎస్‌వై కింద రంగుల చేపల యూనిట్లకు సబ్సిడీ పెట్టారు, తీసుకునేవాళ్లు ఎక్కువగా మంచినీటి గోల్డ్ ఫిష్, గప్పీల దగ్గరే ఆగిపోతున్నారు. (రొయ్యల హేచరీ షెడ్డులోనే ఈ చేపలు కూడా పెట్టెయ్యమని కాదు, దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. జబ్బులు అటూ ఇటూ పాకుతాయి, లైసెన్సు ఇబ్బందులూ ఉంటాయి. షెడ్డు వేరే ఉండాలి, నీళ్లు వేరే ఉండాలి, మొదటి జతల్ని అనుమతులతో తెచ్చి క్వారంటైన్‌లో పెట్టాలి.)

మరి బంగ్గాయ్‌లో వీటిని పట్టి బతికేవాళ్ల గతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, మత్స్యకారుల ఊళ్ల మధ్య తిరిగేవాడిగా నేనూ అడుగుతాను. చేపకు అక్కడ పట్టినవాడికి ముట్టేది అతి కొంచెం, ధరంతా దారిలో పెరుగుతుంది. దిబ్బ ఖాళీ అయిన రోజున వ్యాపారి ఇంకో చేపకు మారతాడు, పట్టేవాడు మాత్రం ఆ ఖాళీ దిబ్బ దగ్గరే ఉంటాడు. నా దృష్టిలో కొద్దిగా పట్టి, మంచి ధరకు అమ్ముకుని, సీ అర్చిన్లను వదిలేసే పద్ధతి అక్కడి ఊళ్లకు మేలు. కానీ అది సాగాలంటే ముందు ప్రపంచమంతా చవగ్గా కావాలనే లక్షల చేపల గిరాకీ తొట్లలో పుట్టినవాటి మీదికి మళ్లాలి. అందరూ నాతో ఏకీభవించకపోవచ్చు.

మీ పాఠకుల్లో ఎవరైనా ఆ పేజీ చూసి తొట్టి పెట్టుకునే ఆలోచనలో ఉంటే వాళ్ల కోసం రెండు మాటలు. దుకాణంలో ‘ఇది తొట్టిలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా’ అని అడగండి. తెలియదంటే సముద్రానిదే అనుకోండి. డబ్బులిచ్చే ముందు మీ ఎదురుగా మేత వేయించండి, తినని చేపను ఇంటికి తేవద్దు. ఆరేడు కలిపి కొంటే అందంగా ఉంటాయని చెబుతారు, నిజమే, ఒక జత కుదిరేవరకే. జత కుదిరిన మర్నాటి నుంచి మిగతావాటి రెక్కలు చిరిగిపోతుంటాయి, చివరికి మిగిలేది ఆ రెండే. సీ అర్చిన్ కూడా కొనాలేమో అని కంగారు పడక్కర్లేదు, పిల్లలు దూరడానికి ప్లాస్టిక్ ముళ్ల బంతి పెట్టినా వాటికి తేడా తెలియదు. మీ వ్యాసంలో ‘నిజమైన పగడం పెడితే అందం’ అని కూడా ఒక వాక్యం ఉంది, మన సముద్రంలో పగడాలు వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది, కాబట్టి ఆ వాక్యం నమ్మి ఎవరూ ఇబ్బందుల్లో పడొద్దు.

ఇంకొకటి. తొట్టి మీద విసుగొస్తే చేపల్ని తీసుకెళ్లి ఆర్కే బీచ్‌లోనో, ఉప్పాడలోనో వదలొద్దు. సులవేసి ఉత్తర కొసన లెంబే జలసంధిలో ఇప్పుడు బంగ్గాయ్ కార్డినళ్లు గుంపులు గుంపులుగా ఉన్నాయి, డైవర్లు ఫొటోలు తీసుకుంటున్నారు. వాటి సొంత ఊరికి అది వందల కిలోమీటర్ల దూరం, ఈదుకుంటూ వెళ్లలేదు, వ్యాపారుల పడవల మీద వెళ్లి దిగినవే. అక్కడ అవి బాగానే పెరిగాయి, కానీ అక్కడుండే వేరే చేపల చోటూ, సీ అర్చిన్లూ ఇప్పుడు వీటితో పంచుకోవాల్సి వస్తోంది.

వచ్చే వారం ఆ పేజీకి సవరణ వేస్తే ఫొటో కింద మాటతో పాటు ఆ కొనుగోలు సలహా కూడా మార్చి వేయండి. తొట్టిలో పుట్టిన చేపల్ని అమ్మేవాళ్లు, పెంచేవాళ్లు రెండు రాష్ట్రాల్లో ఎవరెవరున్నారో మీ విలేకరుల చేత అడిగించి వేస్తే ఇంకా మంచిది. పిల్లల్ని పెంచే పద్ధతి, మేత, నీళ్ల లెక్కలు కావాలంటే చోటిస్తానని చెప్పండి, రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక హేచరీ టెక్నీషియన్, కాకినాడ